ఫుమితో ఉయెదా: తీసివేతతో కట్టిన ఆటలు

నల్లగొండలో గడియారం సెంటరుకు దగ్గర్లో పదమూడేళ్లుగా ఫ్లెక్సీలు, శుభలేఖలు డిజైన్ చేస్తున్నాను. మా పనిలో రోజూ వినపడే మాట ఒకటుంది: "అన్నా, ఆ మూలకు జాగ ఖాళీగున్నది, ఇంకొక ఫోటో పెట్టు." ఖాళీ జాగా అంటే డబ్బు వృథా అయినట్టేనని నమ్మే వాతావరణంలో పనిచేస్తున్న నాకు, ఉన్నవాటిని ఒక్కొక్కటిగా తీసివేయడాన్నే తన పద్ధతిగా పెట్టుకున్న జపాన్ వీడియో గేమ్ దర్శకుడు ఫుమితో ఉయెదా మీద అంత గౌరవం ఎందుకో ఇక్కడ రాసుకోవాలనిపించింది.

ఆయన 1970లో హ్యోగో ప్రాంతంలోని తత్సునోలో పుట్టారు. ఒసాకా కళా విశ్వవిద్యాలయంలో చిత్రకళ చదివి, 1995లో వార్ప్ అనే సంస్థలో యానిమేటర్‌గా చేరారు. 1997లో సోనీకి మారి, చిన్న బృందంతో తన మొదటి ఆట మొదలుపెట్టారు. సోనీ తొలి గేమ్ యంత్రమైన ప్లేస్టేషన్ కోసం మొదలైన ఆ పని మధ్యలో ప్లేస్టేషన్ 2కు మారి, 2001లో 'ఇకో' పేరుతో విడుదలైంది. జపాన్, యూరప్ ప్రతుల అట్టమీద ఇటలీ చిత్రకారుడు జార్జియో దె కిరికో ఛాయలున్న బొమ్మను ఉయెదాయే స్వయంగా వేశారు. పొడవైన నీడలు, ఎండ పడ్డ ఖాళీ నేల, వాటి మధ్య చేతులు పట్టుకుని పరుగెత్తే ఇద్దరు చిన్న మనుషులు. కూలి కోసం బొమ్మలు పేర్చే నాలాంటివాడికి ఆ అట్టబొమ్మ ఒక్కటే చాలా పాఠం చెప్పింది.

కథ చిన్నది. కొమ్ములతో పుట్టినందుకు ఊరివాళ్లు కోటలో వదిలేసిన ఒక అబ్బాయి, అక్కడ బందీగా ఉన్న యోర్దా అనే అమ్మాయిని వెంటబెట్టుకుని బయటపడాలి. ఆమె మాట్లాడే భాష అతనికి తెలియదు. తెరమీద ప్రాణం ఎంత మిగిలిందో చూపే గీత లేదు, చాలా చోట్ల సంగీతం కూడా లేదు, గాలి చప్పుడూ అడుగుల చప్పుడే వినిపిస్తాయి. మిగిలినదల్లా చేయి పట్టుకోవడమే. ఒక మీట నొక్కి ఉంచినంతసేపూ అబ్బాయి ఆమె చేయి పట్టుకునే ఉంటాడు, వదిలితే చేయి జారిపోతుంది. పరుగెత్తితే ఆమె చేయి ముందుకు సాగి, అర అడుగు వెనక తడబడుతూ వస్తుంది, ఆ కుదుపు మన చేతిలోని కంట్రోలర్‌కు సన్నని అదురుగా అందుతుంది. తెగిన వంతెన దగ్గర అతను అవతలి అంచున నిలబడి చేయి చాపితే, ఆమె ఒక క్షణం తటపటాయించి దూకుతుంది. ఆ ఒక్క క్షణంలో నా వేలు మీటమీద ఎంత గట్టిగా బిగుసుకున్నదో నాకు బాగా గుర్తు. నటుల కదలికలను యంత్రాలతో పట్టి బొమ్మలకు తొడిగే పద్ధతిని వాడకుండా, ఆ కదలికలన్నీ చేత్తోనే చేశారు. తీసివేత అంటే పని తగ్గించుకోవడమని మా వృత్తిలో చాలామంది అనుకుంటారు. నిజానికి పక్కన ఇంకేమీ లేనప్పుడు, మిగిలిన ఆ ఒక్కదాన్ని దాచడానికి చాటు ఉండదు కాబట్టి, దానిమీద పని పదింతలు పెరుగుతుంది.

2005లో వచ్చిన 'షాడో ఆఫ్ ది కొలోసస్'లో ఈ పద్ధతి ఇంకా ముందుకు పోయింది. అంత విశాలమైన నేలలో ఊళ్లు లేవు, అంగళ్లు లేవు, దారిలో ఎదురయ్యే చిల్లర శత్రువులు లేరు. ఉన్నవి 16 మహాకాయాలు మాత్రమే. చనిపోయిన అమ్మాయిని బతికించుకోవాలని వాండర్ అనే యువకుడు వాటిని ఒక్కొక్కటిగా చంపుతూ పోతాడు. పదమూడోది ఎడారి ఇసుకలోంచి లేచి ఆకాశంలో సుడులు తిరిగే పొడవాటి ప్రాణి. అది మనమీద ఒక్కసారి కూడా దాడి చేయదు. దాని పొట్టకింది సంచులను బాణాలతో కొట్టి, అది కిందికి దిగినప్పుడు గుర్రంమీద పక్కనే దౌడు తీస్తూ రెక్కమీదికి దూకాలి. అది కూలినప్పుడు వచ్చే సంగీతం గెలిచినవాడి సంగీతం కాదు, దుఃఖపు సంగీతం.

అందులో ఆగ్రో అనే గుర్రం ఉంది. కారులాగా మీట తిప్పిన వైపే తిరగదు. ఒక్కోసారి మాట వినదు, ఇరుకు దారిలో తానే దారి చూసుకుంటుంది. మొదటి రోజు విసుగొచ్చి దాన్ని అటూ ఇటూ లాగుతుంటే, చిన్నప్పుడు ఎడ్లబండి ముందు కూర్చోబెట్టుకుని మా తాత అన్న మాట చెవిలో మోగింది: "ఎద్దుకు తొవ్వ ఎరుకే, నువ్వు పగ్గం గుంజకు బిడ్డా." పగ్గం వదులు చేసినట్టే మీటలు వదిలాను, గుర్రం రాళ్ల మధ్య నుంచి హాయిగా నడిచిపోయింది. ఆ జీవికి సొంత బుద్ధి ఉందని చెప్పడానికి ఉయెదా ఒక్క మాట కూడా వాడలేదు.

ఈ దారికి ఆయన మూల్యం చెల్లించారు. 2009లో ప్రకటించిన 'ది లాస్ట్ గార్డియన్' 2016 డిసెంబరులో గానీ రాలేదు. ఈలోగా ఆయన సోనీ ఉద్యోగం వదిలి, 2014లో జెన్ డిజైన్ అనే సొంత సంస్థ పెట్టుకుని, బయటినుంచే ఆ పని పూర్తి చేశారు. పదిహేనేళ్లలో మూడే ఆటలు. ఈ మూడోదాన్ని లోపం లేనిదని నేను అనను. ఇరుకు గదుల్లో కెమెరా గోడకు తగిలి, ఏం జరుగుతున్నదో కనపడకుండా పోతుంది. కానీ అందులోని త్రికో అనే రెక్కల జంతువు పిలిచిన వెంటనే రాదన్న ఫిర్యాదును మాత్రం ఒప్పుకోను. పరాయి మనిషిని నమ్మడానికి జంతువు తీసుకునే వ్యవధే అది, ఆ ఆలస్యాన్ని తీసేస్తే మిగిలేది రిమోట్‌తో నడిచే బొమ్మ మాత్రమే.

2024 డిసెంబరులో ఆయన సంస్థ కొత్త ఆట తాలూకు చిన్న దృశ్యం చూపించింది. ఒక మనిషి, అతని పక్కన ఒక భారీ యంత్రం. దానిని నేను ఇప్పటికి చాలాసార్లు చూశాను. ఇన్నాళ్లూ ప్రాణుల తడబాటునూ మొండితనాన్నీ ఇంత ఓపికగా గీసిన ఆయన, ఒక ఇనుప శరీరానికి ఎలాంటి నడక ఇస్తారో, పిలిస్తే అది ఎంతసేపటికి తల తిప్పుతుందో చూడాలని ఉంది.