మైనస్ 8లో ఐదు రోజులు, ఒకటే కోటు

పగలు మైనస్ 3, రాత్రి మైనస్ 8 ఉంటుందని చూసుకుని బయల్దేరాను. తీసుకెళ్ళింది ఒకటే చిన్న పెట్టె. మెరీనో ఉన్ని ఇన్నర్లు రెండు, లోపలి లెగ్గింగ్ ఒకటి, పలచటి స్వెట్టర్ ఒకటి, మందపాటిది ఒకటి, ప్యాంట్లు రెండు, ఉన్ని సాక్స్ నాలుగు జతలు, పక్షుల మెత్తటి ఈకలు నింపిన, చేతుల్లేని డౌన్ జాకెట్ ఒకటి. కోటూ బూట్లూ ఒంటిమీదే. పెట్టెలో పెడితే సగం చోటు అవే తినేస్తాయి.

రంగుల సంగతి ఇంటి దగ్గరే తేల్చుకోవాలి. కోటు ముదురు నీలం, ప్యాంట్లు ఒకటి బూడిద రంగు, ఒకటి నలుపు, మఫ్లర్ ఒక్కటే ఇటుక రంగు. వీధిలో జనానికీ ఫోటోల్లో మనకీ ఐదు రోజులూ కనిపించేవి కోటూ మఫ్లరే. డబ్బు పెట్టాల్సింది కూడా వాటి మీదే.

రైల్లో హీటర్లు బాగా పనిచేస్తున్నాయి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. దిగడానికి అరగంట ముందే కోటు బొత్తాలు పెట్టుకుని, మఫ్లర్ చుట్టుకుని, టోపీ లాక్కుని కూచుంటారు. వీపు చెమట పడుతుంది. గాలి కంటే నీళ్ళు ఒంటి వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి, కాబట్టి ప్లాట్‌ఫాం మీద అడుగు పెట్టిన పది నిమిషాలకే వణుకు మొదలు. రైలు ఆగేటప్పుడు వేసుకుంటే చాలు. నడక మొదలుపెట్టేటప్పుడు కాస్త చలిగా అనిపించడమే సరైన లెక్క. రెండు వీధులు దాటేసరికి ఒళ్ళు దానంతటదే వేడెక్కుతుంది.

ఒంటిని అంటుకుని నూలు బనీను ఉండకూడదనేదీ ఇందుకే. నూలు చెమటని పీల్చుకుని అలాగే పట్టుకుని ఉంటుంది. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమ తాగినా చర్మానికి తడి తెలియనివ్వదు. ఉన్ని గుచ్చుకుంటుందని భయపడేవాళ్ళు మెరీనో చూడాలి. పోగు సన్నగా ఉండడంతో చర్మానికి తగిలి వంగిపోతుంది, ముతక ఉన్నిలా పొడవదు. ఇన్నర్ ఒంటికి అతుక్కుని ఉండాలి గానీ బిగుసుకోకూడదు.

మర్నాడు మ్యూజియంలో గడిచింది. లోపల 22 డిగ్రీలు. కోటు తీసి గుమ్మం దగ్గర అప్పజెప్పాక బయటపడేది స్వెట్టరే, దాని మెడలోంచి తొంగి చూసే తెల్ల ఇన్నర్ అంచుతో సహా! ఎంత మంచి స్వెట్టర్‌నైనా ఆ అంచు పాడు చేస్తుంది. చొక్కా కింద అయితే లోతైన మెడ ఇన్నర్ వేయాలి. లేదా నల్లటి హైనెక్ ఇన్నర్ వేసి, అదే పై బట్ట అన్నట్టు కనబడనివ్వాలి. రెండూ కాని మధ్యరకం కొనొద్దు.

కోటు ఎంపికకు ఒక పరీక్ష ఉంది. మందపాటి స్వెట్టర్ మీద కోటు తొడిగి, బొత్తాలన్నీ పెట్టి, ఎవరినో కౌగిలించుకున్నట్టు రెండు చేతులూ ముందుకు చుట్టాలి. వీపు పట్టేసినా, నిటారుగా నిలబడ్డప్పుడు బొత్తాం చుట్టూ గుణకారం గుర్తులా ముడతలు పడినా, ఆ కోటు ఒక సైజు చిన్నది. భుజం కుట్టు ఎముక దాటి వేలెడు జారితే ఫర్వాలేదు. నాలుగు వేళ్ళు జారితే తాతగారి కోటు! పొడవు తొడ సగం దాకా ఉంటే చల్లటి బెంచీ మీద కూర్చున్నా కింద కోటే ఉంటుంది.

మూడో రోజు చెరువు గట్టు మీద గాలి. మైనస్ 10లో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 20 అనిపిస్తుంది. ఉన్ని కోటు ఎంత బరువైనా నేతలోంచి గాలి దూరుతుంది. ఫ్లీస్, అంటే బొచ్చులా మెత్తగా ఉండే సింథటిక్ బట్ట, అయితే మరీనూ. కోటు లోపల ఆ చేతుల్లేని డౌన్ జాకెట్ పడితే గాలి ఆగుతుంది, బయటికి కోటు తీరు చెడదు. అయితే కోటులో చోటుండాలి. ఈకలు నలిగితే వాటి మధ్య గాలి పోతుంది, గాలి పోతే వెచ్చదనమూ పోతుంది.

మఫ్లర్ 180 సెంటీమీటర్ల పొడవుంటే చాలు. సగానికి మడిచి మెడ వెనక్కి వేసి, రెండు కొసల్నీ మడతలోంచి దూర్చి గడ్డం కిందికి లాగి, కొసలు కోటులోకి దోపాలి. కాలర్ చిన్నదై మఫ్లర్ లావైతే మెడ మాయమై, తలని నేరుగా భుజాల మీద దించినట్టుంటుంది. మూతి మీదికి మాత్రం లాక్కోకండి. ఊపిరికి బట్ట తడిసి, కాసేపట్లో బిర్రబిగుస్తుంది. కళ్ళజోడుంటే ఆవిరి పట్టి దారే కనపడదు.

కాళ్ళ దగ్గర అందరూ చేసే పొరపాటు రెండు జతల సాక్స్. బూటు బిగుతైతే రక్తం ఆడదు, వేళ్ళు మొద్దుబారతాయి. మందపాటి ఉన్ని జత ఒకటే వేసుకుని, లోపల వేళ్ళు ఆడుతున్నాయో లేదో చూసుకోవాలి. బూటు అడుగు అట్ట పలచనైతే చలి నేల నుంచి నేరుగా ఎక్కుతుంది. మందం రబ్బరు అట్ట, లోపల ఫెల్టు (ఒత్తి చేసిన ఉన్ని) పరుపు ఉంటే నిశ్చింత. చేతులకు వేళ్ళన్నీ ఒకే సంచిలో ఉండే మిట్టెన్లు వెచ్చన. ఫోన్ కోసం లోపల పలచటి గ్లోవ్స్ వేసుకుంటే మిట్టెన్ తీసినా చెయ్యి బోసిపోదు.

రాత్రిళ్ళు గదిలో చేయాల్సిన పని కొంచెమే. ఇన్నర్లు ఆరేస్తే తెల్లారేసరికి వాసన పోతుంది, అందుకే ఐదు రోజులకు రెండు చాలాయి. స్వెట్టర్‌ని హ్యాంగర్‌కి తగిలిస్తే భుజాల మీద బొడిపెలు లేస్తాయి, కుర్చీ వీపున మడిచి వేయాలి. తడి బూట్లు హీటర్ పక్కన పెడితే తోలు పగిలి, అట్ట జిగురు ఊడుతుంది. నలిపిన న్యూస్‌పేపర్ కుక్కి, గంటకోసారి మార్చాలి. రోడ్ల మీద చల్లే ఉప్పు తోలుపై తెల్ల గీతలు దిద్దుతుంది. వెనిగర్, నీళ్ళు సమంగా కలిపి గుడ్డతో తుడిస్తే పోతాయి.

తిరుగు ప్రయాణంలో డౌన్ జాకెట్‌ని సంచిలో కుక్కి తెచ్చినా, ఇల్లు చేరిన వెంటనే తీసి దులిపి, వదులుగా వేలాడదీయాలి. నెలల తరబడి నలిగి ఉంటే వచ్చే శీతాకాలానికి ఆ ఈకలు పొంగవు.