“పడుకోనివ్వండి, పొద్దున్నకి తగ్గుతుంది” అనే మాట

అమెరికాలోని జార్జియా రాష్ట్రం దక్షిణాన, పత్తి, వేరుశనగ పండే పల్లెల మధ్య ఉంది మా ఆసుపత్రి. నల్లజాతి పిల్లలు తెల్లజాతి పిల్లలకంటే మద్యం తక్కువే తాగుతారని అమెరికా సర్వేలు ఏళ్లుగా చెబుతున్నాయి. అందుకేనేమో, నల్లజాతి పిల్లల్లో ఒకరు మత్తులో పడిపోతే ఇంట్లోవాళ్లకు మద్యం అనుమానం ఆలస్యంగా వస్తుంది. వచ్చినా “పడుకోనివ్వండి, పొద్దున్నకి తగ్గుతుంది” అంటారు.

“ఒక్క డబ్బానే, మేడమ్” అంటారు తీసుకొచ్చిన స్నేహితులు. అది అబద్ధం కాదు. పళ్లరసంలా తియ్యగా ఉండే మద్యం ఆ డబ్బాలో 710 మిల్లీలీటర్లు పడుతుంది, అందులో ఆల్కహాలు 14 శాతం. అంటే దాదాపు 78 గ్రాములు. అమెరికా లెక్కలో ఒక డ్రింకుకి 14 గ్రాములు కాబట్టి, ఆ ఒక్క డబ్బా ఐదున్నర డ్రింకులు. కాలేయం గంటకు సుమారు ఒకటే కరిగిస్తుంది. పైగా తాగడం ఆపాక కూడా కడుపులో ఉన్నది రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. “పడుకోనివ్వండి” అన్న గంటలోనే ప్రమాదం పెరిగేది అందుకే. కాఫీ, చన్నీళ్ల స్నానం వల్ల మత్తు తగ్గదు.

మేం ముందు ఊపిరి లెక్కపెడతాం. నిమిషానికి 8 కంటే తక్కువున్నా, రెండు ఊపిర్ల మధ్య 10 సెకన్లు ఖాళీ వచ్చినా అత్యవసరమే. ఆక్సిజన్ తగ్గితే వచ్చే నీలిరంగు నల్లని చర్మం మీద తెలియదు, పెదాల లోపలివైపు, చిగుళ్లు, గోళ్ల కింద చూడాలి. అక్కడ బూడిదరంగు కనిపిస్తుంది. పుస్తకంలో బొమ్మ చూసి నేర్చుకున్నవాళ్లు ఇక్కడే పొరబడతారు. వేలు గుచ్చి షుగర్ చూస్తాం, పిల్లల్లో అది త్వరగా పడిపోతుంది. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోకుండా పక్కకి తిప్పి పడుకోబెడతాం.

అంబులెన్సు దూరం నుంచి రావాలి, ఇంట్లో పోలీసుల భయం. ఈ రెండూ కలిసే ఆలస్యం. తాగిన పిల్లల కోసం సాయం అడిగిన మైనరుకు, ఆ మద్యం విషయంలో జార్జియాలో 2014 నుంచి చట్టరక్షణ ఉంది. చాలా ఇళ్లలో ఆ సంగతి తెలియదు.

పొద్దున్న లేచి నడిచి, తిని, మాట్లాడితే ఇంటికి పంపుతాం. రాత్రి జరిగింది గుర్తుండదు, మెదడు అసలు నమోదే చేసుకోలేదు. అప్పుడప్పుడూ తాగేవాళ్లకు ఇంతే. రోజూ తాగే పిల్లల సంగతి వేరు. ఆపిన 6 నుంచి 24 గంటల్లో చేతులు వణుకుతాయి, 48 గంటల లోపు మూర్ఛ రావచ్చు. ఇంట్లో ఒంటరిగా మాన్పించకూడదు.

తర్వాతి వారాలే అసలు చికిత్స. అసలు ఇంతదాకా రాకుండా, పిల్లలు తాగుడు జోలికి పోకుండా, జార్జియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇక్కడి గ్రామీణ నల్లజాతి కుటుంబాల కోసమే ఒక కార్యక్రమం తయారుచేశారు. వారానికొకటి చొప్పున ఏడు సమావేశాలు. మొదటి గంట తల్లిదండ్రులు, పిల్లలు వేర్వేరుగా, రెండో గంట కలిసి. ఇంటి నియమాలు స్పష్టంగా చెప్పడం, వివక్ష ఎదురైనప్పుడు ఏం చేయాలో ముందే మాట్లాడుకోవడం అందులోనివి. పదకొండేళ్లకే మొదలుపెడతారు, మా దగ్గరికి వచ్చే వయసుకంటే నాలుగైదేళ్లు ముందు.