మోకాళ్ల నొప్పులున్న పెద్దమ్మకి విశాఖ తీరం చూపించాం: నా అనుభవం

కరీంనగర్ నుంచి పెద్దమ్మ, పెదనాన్న వస్తున్నారనగానే నాకు టెన్షన్ పట్టుకుంది. ఇద్దరూ సముద్రం చూడటం ఇదే మొదటిసారి, పెద్దమ్మేమో మోకాళ్ల నొప్పులతో నాలుగు మెట్లెక్కినా ఆయాసపడుతుంది. అందరిలా పొద్దున ఆర్కే (రామకృష్ణ) బీచ్, ఆ తర్వాత అక్కడి సబ్‌మెరైన్ మ్యూజియం, కైలాసగిరి కొండ, టైం మిగిలితే తీరం వెంబడే ఉన్న పాత ఊరు భీమిలి అని పెట్టుకుంటే మధ్యాహ్నానికే నీరసపడిపోతారు, ఇక భీమిలి ఊసే ఉండదు. విశాఖ దాకా వచ్చి భీమిలి చూడకుండా పోవడం నాకైతే ప్రాణం ఒప్పదు. అందుకే వరుస తిరగేశాను, ముందు భీమిలి, ఎండ తగ్గాక ఆర్కే బీచ్. సోమవారం సబ్‌మెరైన్ మ్యూజియంకి సెలవు, ఆ రోజు మాత్రం పెట్టుకోకండి.

రైల్వే స్టేషన్ నుంచి భీమిలికి 900కె బస్సుంది. పొద్దున్నే ఎక్కితే కూర్చునే వెళ్లొచ్చు. వెళ్లేటప్పుడు సముద్రం కుడివైపు వస్తుంది కాబట్టి అటు కిటికీ పట్టుకోండి. రుషికొండ దాటాక నీళ్లు బాగా కనబడేసరికి పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని "అవతలి ఒడ్డు కనబడతలేదేంది బిడ్డా" అంది. తొట్లకొండ బౌద్ధారామం కూడా ఈ దారిలోదే, కానీ బస్సు దిగి కొండ ఎక్కాలి, సొంత బండి ఉంటేనే ఆలోచించండి.

భీమిలిలో దిగి ఆటో మాట్లాడుకుని ఎర్రమట్టి దిబ్బలకి వెళ్లాం. 2014లో వీటిని జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించారు. పెద్దమ్మ పుట్టి పెరిగింది వ్యవసాయంలో, వంగలేకపోయినా గట్టు మీంచి చిటికెడు మట్టి తీసి వేళ్ల మధ్య నలిపి "చెల్క లెక్క ఎర్రగున్నది గని పట్టు లేదు, ఇసుకే ఇది" అంది. చెల్క అంటే వాళ్ల వైపు ఎర్రనేల. నిజమే, అది ఇసుకే. వేల ఏళ్ల కింద గాలి తెచ్చి పోసిన ఇసుక, ఇనుము వల్ల ఎర్రబడింది. పట్టు లేదు కాబట్టే వాన నీరు దాన్ని లోతుగా కోసి లోయలు చేసింది, మనుషులు ఎక్కి దిగినా అలాగే జారిపోతుంది. దయచేసి గట్లు ఎక్కకండి, వాటి మీద పేర్లు చెక్కకండి.

తిరిగి ఊళ్లోకొచ్చి డచ్ వాళ్ల సమాధులు చూశాం. 17వ శతాబ్దంలో వ్యాపారానికొచ్చి ఇక్కడే కన్నుమూసిన వాళ్లవి, కొన్ని సమాధులు కోసుగా గోపురాల్లా లేచి ఉంటాయి. భీమిలి 1825లో ఇంగ్లీషు వాళ్ల చేతికి పోయింది. 1861లోనే ఇక్కడ మున్సిపాలిటీ ఉందని చెబితే, మున్సిపాలిటీలో పనిచేసి రిటైరైన పెదనాన్న ఎక్కడ ఉండేది, పన్ను ఎట్లా వేసేవారు అని ఒకటే ప్రశ్నలు. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు కూడా చూసి, పెద్దమ్మ కాళ్లు తడుపుకున్నాక భోజనం చేసి బస్సెక్కాం. కైలాసగిరి వదిలేశాం.

సాయంత్రం ఆర్కే బీచ్. ఇక్కడ ఒడ్డున మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసింది, పొడవు 91 మీటర్లు. లోపలికి పోవాలంటే మెట్లున్నాయి, లోపల దారి బాగా ఇరుకు, ఒక గది నుంచి ఇంకో గదికి వంగి, కాలెత్తి దాటాల్సిందే. పెద్దమ్మని బయటే కూర్చోబెట్టాను, మా ఆవిడ తోడుంది. లోపల వివరించేది నేవీలో రిటైరైన వాళ్లే. డెబ్భై మందికి పైగా ఇందులోనే తిని, పడుకుని, డ్యూటీ చేసేవాళ్లంటే ఆ బెర్తుల దగ్గర పెదనాన్న చాలాసేపు నిలబడిపోయాడు.

బయటికొచ్చేసరికి పెద్దమ్మ మురీ మిక్చర్ (మరమరాల మిక్చర్) తింటోంది. అక్కడ నీళ్లలోకి దిగనివ్వలేదు, ఆ అలలు లాగేస్తాయి, ఈత వచ్చిన కుర్రాళ్లే కొట్టుకుపోతుంటారు. స్నానం చెయ్యాలనుకుంటే లైఫ్‌గార్డులుండే రుషికొండకి వెళ్లండి. పెద్దవాళ్లకి టోపీ, మంచినీళ్లు, తడిసినా పర్లేని చెప్పులు మర్చిపోవద్దు, ఇసుకలో వాళ్లకి చేతికర్ర కన్నా మన భుజమే నయం.