గుంటగలగరా? గడ్డిచామంతా? నేను తేల్చుకున్న తీరు

గుంటగలగరాకు ఎవరికి తెలియదు అనుకుంటాం గానీ, సంచి పట్టుకుని కడప దగ్గర కేసీ కెనాల్ గట్టెక్కితే తెల్లపూల మొక్కలు రెండు రకాలు పక్కపక్కనే కనిపిస్తాయి. తలనూనె కాచడానికి మా అవ్వ అడిగింది గుంటగలగర. రెండోది గడ్డిచామంతి. దెబ్బ తగిలితే దాని పసరు పూస్తారు గానీ, మా ఇంట్లో నూనెలోకి మాత్రం రానివ్వరు.

మొదట ఫోన్‌లో ఫొటోలు పెట్టుకుని పోల్చా. ఫొటోలో ఏ పువ్వయినా పెద్దదే, అక్కడే తిప్పలు. చేతిలోకి తీసుకుంటే తేడా తెలుస్తుంది. గడ్డిచామంతి పువ్వు జానెడు కాడ మీద ఒంటరిగా నిలబడుతుంది. మధ్యలో పసుపు, చుట్టూ ఐదారు వెడల్పు రేకులు, ఒక్కో రేకు కొసన రంపం పళ్లలాంటి గాట్లు. గుంటగలగర పువ్వు చొక్కా గుండీ కంటే చిన్నది. ఆకు మొదట్లోంచే పొట్టి కాడతో వస్తుంది. రేకులు సన్నగా, లెక్కపెట్టలేనన్ని. మధ్యభాగం కూడా తెలుపే. పైగా దానికి తడి కావాలి, గడ్డిచామంతి ఎండిన బీడులోనైనా బతికేస్తుంది.

రెండూ పొద్దుతిరుగుడు కుటుంబం కదా, మనం పువ్వు అనేది నిజానికి ఒక పూలగుంపు. రేకు అనుకునేదీ ఒక పువ్వే. అందుకే నాకు గింజ మీదే ఎక్కువ గురి. ముదిరిన గడ్డిచామంతిని ఊదితే ఒక్కో గింజ తెల్లటి నూగు కుచ్చుతో లేచి ఎగిరిపోయింది. గుంటగలగరను ఎంత ఊదినా కదల్లేదు. నలిపితే కుచ్చు లేని గరుకు నల్లగింజలు అరచేతిలో రాలాయి.

అవ్వకు ఇదంతా అక్కర్లేదు. "పూలనేం జూస్తావురా, ఆకు నలుపు" అంది. గుంటగలగర ఆకు నలిపితే పచ్చటి పసరు కాసేపటికి నల్లబడి, వేళ్లకు పట్టిన మరక సబ్బుకు కూడా పోలేదు.

ఉత్తరాఖండ్ పూలలోయకు ట్రెక్కింగ్ పోయొచ్చిన మా బావదీ ఇదే గోల. చామంతిలాంటి ఊదారంగు పువ్వు చూపించి ఎరిజెరాన్ అంటాడు. అదే కుటుంబంలోని ఆస్టర్ అనే మొక్క పువ్వు కూడా అచ్చం అట్లాగే ఉంటుంది. పువ్వును తిప్పి కింద పచ్చటి తొడుగు చూడాలి. ఎరిజెరాన్‌లో ఆ సన్నటి పచ్చరేకులు దాదాపు ఒకే పొడుగు, ఆస్టర్‌లో సాధారణంగా పొట్టీ పొడుగూ వరసలు. బావ ఫొటోలన్నీ పైనుంచి తీసినవే!

మొన్న ఒక నర్సరీలో పార్కుల్లో నేల కప్పడానికి పరిచే పసుపుపూల తీగను 'పసుపు గుంటగలగర' అని చూపించారు. అసలైన పసుపు గుంటగలగర ఆకు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఈ తీగ ఆకు మూడు పాయలుగా చీలి ఉంది. వద్దని చెప్పి, తులసి మొక్క ఒకటి కొనుక్కుని వచ్చేశా.