ఏడు నుంచి నాలుగున్నరకి

మంగళవారం. నాన్న రెండు ఇడ్లీలు తిని మాత్ర వేసుకున్నారు. క్యాన్సర్ మందు ఇమాటినిబ్, 400 మిల్లీగ్రాములు. పెద్ద గ్లాసుడు నీళ్లతో వేసుకోమంటే ఆయన ఏకంగా స్టీలు చెంబే పెట్టుకుంటారు. ఈ మందుకి పొద్దున్నే కళ్ల కింద ఉబ్బుతాయి. "రాత్రి నిద్ర పట్టలేదా అన్నయ్యగారూ?" అని పక్కింటి అత్తయ్యగారు ఇవాళా అడిగారు. "మా అమ్మాయి పోరండీ" అన్నారు నాన్న!

ఎమ్మారై రిపోర్టు ఇవాళే చేతికొచ్చింది. ఆటో జగదాంబ దాటకముందే కవరు చించేశాను. నాన్న పురీషనాళంలో ఆర్నెల్ల కిందట ఏడు సెంటీమీటర్లున్న గడ్డ ఇప్పుడు నాలుగున్నర. "ఏటమ్మా, తగ్గిందా?" అని నాన్న అడుగుతుంటే వేళ్లతో చూపించాను. నోట మాట రాలేదు.

ఎనిమిది నెలలు దాన్ని మొలలే అనుకున్నాం. కూతురితో చెప్పుకునే చోటు కాదని నాన్న దాచారు. అమ్మ అంబలి, మజ్జిగ పోసింది. ఒకాయన చెయ్యైనా వెయ్యకుండా ఆయింట్‌మెంట్ రాసిచ్చాడు, ఆయన మీద నా కోపం ఇంకా చల్లారలేదు. చివరికి ఇంకో డాక్టరుగారు గ్లవుజు తొడుక్కుని రెండు నిమిషాలు వేలితో చూసి, "లోపలి పొర నున్నగానే ఉంది, దాని వెనకాల గడ్డ తగులుతోంది" అన్నారు. కొలనోస్కోపీలో తీసిన ముక్కలో ఏమీ తేలలేదు. తేలదు మరి, గడ్డ ఉన్నది పొర కింద, కండరంలో. ప్రొస్టేటేమో అన్నారు, దానికి చేసే రక్తపరీక్ష పీఎస్ఏ మామూలుగానే వచ్చింది. ఎండోస్కోపీ గొట్టం చివరున్న అల్ట్రాసౌండుతో చూస్తూ సూది గుచ్చి తీసిన ముక్కలో ఈ జబ్బుని పట్టిచ్చే ప్రొటీన్లు సీడీ117, డాగ్1 రెండూ పాజిటివ్ వచ్చాయి. జిస్ట్ అట, జీర్ణనాళం గోడలో పుట్టే ఒక రకం క్యాన్సర్. పేగుల్ని కదిలించే కాజల్ కణాల జాతి గడ్డ. ఎక్కువగా జీర్ణాశయంలోనో చిన్నపేగులోనో వస్తుంది. పురీషనాళంలో వచ్చేది నూటికి ఐదు దాకానే.

"కాజలంటే కాటుకేనా?" అంది అమ్మ. స్పెయిన్ శాస్త్రవేత్త పేరని చెప్పినా నమ్మలేదు.

ముందే కోస్తే మలద్వారం కండరం కూడా పోయేది, జన్మంతా పొట్టమీద సంచీతో ఉండాల్సొచ్చేది. అందుకే ముందు మందుతో కరిగిస్తున్నారు. జన్యు పరీక్షలో కిట్ అనే జన్యువులో ఎగ్జాన్ 11 అనే భాగం మారిందని వచ్చింది, ఆ రకానికి ఈ మాత్ర బాగా పడుతుందట. "కీమో పెట్టించరేం?" అని పెదనాన్న వారానికోసారి ఫోను. మామూలు కీమో దీనిమీద పెద్దగా పనిచెయ్యదని వారానికోసారి నేనూ చెప్తాను. మందులషాపులో బిల్లు కట్టినప్పుడల్లా 2013లో ఈ మందు పేటెంటుని సుప్రీంకోర్టు కాదన్న సంగతి, దాంతో మన కంపెనీలు దీన్ని చవగ్గా అమ్మగలుగుతున్న సంగతి గుర్తొస్తాయి. ఆ తీర్పు అటూ ఇటూ అయ్యుంటే మా ఇల్లు అమ్మకానికి పెట్టేవాళ్లమేమో.

సాయంత్రం డాక్టరుగారు రిపోర్టు చూసి ఆపరేషన్ వచ్చే నెలలో పెట్టుకుందామన్నారు. నాన్నకి మాత్రం వేరే బెంగ. ఈ మాత్రతో పంపరపనస తినొద్దన్నారు, మా ఊళ్లో చెట్టేమో విరగకాసింది.

"ఆపరేషనయ్యాక తినొచ్చాండీ?"

"ఆ తర్వాత కూడా మూడేళ్లు మాత్ర వాడాలండీ."

నాన్న వేళ్లు మడిచి లెక్కేసుకున్నారు. "అంటే మూడు కాపులు" అన్నారు నాతో, మెట్లు దిగుతూ.