రెండు బూడిద రంగులు, ఒక గోడ

అమలాపురంలో మా ముందు గదికి రంగు వేయిద్దామని షేడ్ కార్డు తెచ్చుకుంటే, వారం రోజులు రెండు లేత బూడిద రంగుల దగ్గరే ఆగిపోయాం. కార్డు మీద రెండూ ఒకేలా ఉన్నాయి! "ఏదేసినా ఒకటేనండి" అన్నాడు పెయింటరు. నాకు నమ్మకం కుదరక చిన్న డబ్బాలు తెప్పించి, గోడ మీద రెండడుగుల మేర రెండేసి కోట్లు వేయించాను. అప్పుడు బయటపడింది, ఒకదాన్లో నీలం ఛాయ, ఇంకోదాన్లో కాస్త పసుపు. మాది ఉత్తరం కిటికీ, నేరుగా ఎండ పెద్దగా పడదు, పైగా బయటంతా కొబ్బరి తోట, ఆ పచ్చటి వెలుగు లోపలికొచ్చి నీలం ఛాయది పొద్దున పూట పాచి పట్టినట్టు కనిపించింది. రాత్రి ట్యూబ్‌లైటు కింద మరీ ఆసుపత్రి గోడే. "సున్నం కొడితే పోయేదానికి ఇంత టెన్షనా" అంది అమ్మ. పసుపు ఛాయదే ఖాయం చేశాం. గోడ చెమ్మ ఆరాకే మొదలెడతాం, కాలవ గట్టు ఇల్లు కదా.