సదస్సు ముగిశాక మిగిలిన సామగ్రి

నిర్మాణరంగ సదస్సులకు వెళ్లేవారిలో ఎక్కువమంది కొత్త యంత్రాలను చూడడానికో, డీలర్లతో బేరాలు మాట్లాడుకోవడానికో వెళతారు. నేనూ అందుకే వెళ్లడం మొదలుపెట్టాను గానీ, కొన్నేళ్లుగా కార్యక్రమాల పుస్తకం చేతికి రాగానే వేలంపాటలు, పోటీలు, సాయంత్రపు విందులు ఉన్న పేజీనే ముందుగా తిప్పుతున్నాను.

1975లో హ్యూస్టన్‌లో మొదలై, ఇప్పుడు ఏటా లాస్ వేగాస్‌లో జరుగుతున్న వరల్డ్ ఆఫ్ కాంక్రీట్ ప్రదర్శనలో ఒక వేలంపాట ఉంటుంది. తయారీదారులు ఉచితంగా ఇచ్చిన కాంక్రీటు లారీల నుంచి కోత యంత్రాలు, చేతి పనిముట్ల వరకు అన్నీ అక్కడ పాటకు వస్తాయి. వచ్చిన సొమ్ము కాంక్రీట్ ఇండస్ట్రీ మేనేజ్‌మెంట్ అనే డిగ్రీ కోర్సుకు చేరుతుంది. కాంక్రీటు సంగతీ వ్యాపారం సంగతీ రెండూ తెలిసిన పట్టభద్రుల కోసం ఈ రంగంవారే పూనుకోగా, మిడిల్ టెనెసీ స్టేట్ యూనివర్సిటీలో 1996లో ఆ కోర్సు మొదలైంది. ఇచ్చినవారికి ఆ వస్తువు తయారీ ఖర్చుకే పడుతుంది, పాడుకున్నవారికి అది రేపటి పనికి అక్కరకొస్తుంది. కాబట్టి ఇక్కడ ఎవరూ జేబులు తడుముకుంటూ మొహమాటంతో చందా ఇవ్వరు. ఇది దానమా, తమకు కావలసిన ఉద్యోగులను తామే తయారుచేసుకోవడమా అని అడిగేవారున్నారు. రెండూ అయితే మాత్రం తప్పేమిటో నాకు అర్థం కాదు.

1904లో పుట్టిన అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ తన సదస్సుల్లో జరిపే సాయంత్రపు కలయికకు ‘కాంక్రీట్ మిక్సర్’ అని పేరు పెట్టుకుంది. ఇంగ్లీషులో మిక్సర్ అంటే కాంక్రీటు కలిపే యంత్రమూ, నలుగురూ కలిసే విందూ కూడా, చమత్కారం బాగుంది. ఇలాంటి విందుల్లో గోడవారన బెరుకుగా నిలబడే విద్యార్థులను నలుగురికీ పరిచయం చేసే పెద్దమనిషి ఒక్కరున్నా, ఏ ఉపకారవేతనానికీ తీసిపోని మేలు జరుగుతుంది.

నన్ను కదలకుండా నిలబెట్టేవి మాత్రం ఇటుక పోటీలే. వరల్డ్ ఆఫ్ కాంక్రీట్‌లో జరిగే పోటీలో మేస్త్రీకి, అందించే మనిషికి కలిపి, వీలైనన్ని ఎక్కువ ఇటుకలు పేర్చడానికి ఒక్క గంట సమయమిస్తారు. మేస్త్రీ తాపీతో మాలు పరిచి, ఇటుక అద్ది, పొంగిన మాలును అదే ఊపులో గీరి తరువాతి ఇటుకకు పూస్తాడు. అతని చెయ్యి వెనక్కి వచ్చేసరికి ఇటుక అక్కడ ఉండవలసిందే, లేకపోతే ఆ గంట అతనిది కాదు. గంట మోగాక న్యాయనిర్ణేతలు గోడ నాణ్యతను పరీక్షించి, తప్పులకు లెక్కలోంచి ఇటుకలు తగ్గిస్తారు. ఇంజనీర్లు, యజమానులు కంచెకు అవతల నిలబడి ఒక మేస్త్రీ కోసం చప్పట్లు కొట్టే సందర్భం మా రంగంలో మరొకటి నేను చూడలేదు.

ఇంత నైపుణ్యం, ఇంత సామగ్రి ఒకేచోట ఉన్నప్పుడు సేవా కార్యక్రమం ఒక పెద్ద అట్టచెక్కు ఫొటోతో ముగిసిపోవడం నాకు మింగుడుపడదు. పేరెందుకుగానీ, ఒక సదస్సులో వేదిక మీద అలాంటి చెక్కు అందించిన సాయంత్రమే, వెనుక ద్వారం దగ్గర వాడని ప్లైవుడ్ పలకలు, పెట్టె విప్పని టైల్స్ చెత్త డబ్బాల్లోకి వెళ్లడం చూశాను. ఎవరిదీ దుర్బుద్ధి కాదు. హాలు గడువులోగా ఖాళీ చేయాలి, కూలీలకు గంటల లెక్కన చెల్లించాలి, సరుకు వెనక్కి పంపే రవాణా ఖర్చు ఒక్కోసారి సరుకు విలువను మించిపోతుంది. విప్పిన సిమెంటు బస్తా తేమ పట్టి గడ్డకడుతుంది కనుక తరువాత చూద్దామనడానికీ వీలుండదు.

పుచ్చుకునేవారు లేరా అంటే, ఉన్నారు. ఇల్లు లేనివారికి ఇళ్లు కట్టడంలో తోడ్పడే సేవాసంస్థ, 1976లో మొదలైన హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీకి రీస్టోర్ అనే దుకాణాలున్నాయి. వాటిలో మొదటిది 1991లో కెనడాలోని విన్నిపెగ్‌లో తెరిచారు. విరాళంగా వచ్చిన నిర్మాణ సామగ్రిని, గృహోపకరణాలను తక్కువ ధరకు అమ్మి, ఆ ఆదాయాన్ని ఇళ్ల నిర్మాణానికి వాడతారు. ఇటువంటి సంస్థతో చివరి రోజున కాక, స్టాళ్ల కేటాయింపు నాడే మాట్లాడుకుని, ఏ స్టాలు ఏమి వదిలి వెళుతుందో దరఖాస్తులోనే రాయించి, లారీ వచ్చే వేళ ముందే ఖాయం చేసుకుంటే సగం చిక్కు తీరుతుంది. నేను సభ్యుడిగా ఉన్న సంఘానికి ఈ మాటే రాసి పంపాను. దరఖాస్తు ఫారంలో ఒక గడి చేర్చడానికి ఒప్పుకున్నారు, లారీ బాడుగ ఎవరు భరించాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.